ఐదు మార్కుల ప్రశ్న

మా చెల్లెలి కూతురు గౌసియా
సోషల్ నోట్సు ముందరేసుకోని అడిగింది:
"రాష్ట్రం తొలినాళ్ల ముఖ్య వ్యక్తులు, సంఘటనలు రాయుము.
ఐదు మార్కులు మామా, ఐదు పాయింట్లు చెప్పు చాలు."

పేర్లు దాని పుస్తకంలోనే ఉండాయి.
తేదీ కూడా, కింద ఎర్రగీతతో:
యాభైమూడు, అక్టోబరు ఒకటి.
మద్రాసులో తిండి మాని ప్రాణమిడిసిన ఆయన పేరుంది,
అది మాత్రం మరిసిపోవద్దు, ముందు అదే రాయి అన్నాను.
ఆ తర్వాత రాసుకో: దూదేకుల మౌలాలప్ప.
మా అబ్బ.

"మంత్రా?"

కాదు, కుట్టుపని.
రాజధాని వస్తాందంట కర్నూలికి,
వచ్చినాక కూర్చోను ఇల్లు లేదంట దానికి!
ఉన్న బంగళాలు పెద్దోళ్లకే చాల్లేదు,
మిగిలిన సర్కారుకంతా గుడారాలే.
పెట్రోమాక్సు కింద ముప్పైమంది,
మైనం రుద్దిన దారం, దబ్బనం,
అరచేతికి తోలుముక్క.
నడిమి గుంజ తగిలే చోట గుడ్డ పిగలకుండా
మోచీ ఎల్లప్పనడిగి పాత తోలు తెచ్చి
నాలుగు పొరలేసినాడంట అబ్బ.
"రాష్ట్రం బరువంతా ఆడనే కదరా పడేది."

ఇంకొకరు, జట్కా సుంకన్న.
రైలు దిగిన మద్రాసు గుమాస్తాలు
ట్రంకుపెట్టెల మీద కూర్చోని
సెక్రటేరియట్ ఎక్కడయ్యా అంటే
చర్నాకోలతో చూపించేవాడు:
"అదో, చాకలోళ్లు గుడ్డలారేసినట్ల కనపడ్తాందే,
అదే సామీ."

ఆ దిగినోళ్లలో తిరువెంగడం ఒకడు.
సముద్రపు గాలికి అలవాటుపడిన మనిషి.
మన గాలి వేరే కదా,
మధ్యాన్నం మూడింటికి గుడారంలోకి జొరబడి
ఆర్డర్లన్నీ చదివి పారేసి పోయేది.
ఆయన పొద్దున్నే హంద్రిలో దిగి
గుండ్రాళ్లు ఏరుకొచ్చుకునేవాడు.
రెవెన్యూకు నల్లరాయి, విద్యకు తెల్లది,
నీటిపారుదలకు అన్నిటికన్నా పెద్దది.
ఎందుకంటే ఆ కాగితాలే
ఈ సీమలో ఎక్కువ ఎగిరిపోయేవి.

ఒక రాత్రి వాన.
అబ్బ నిద్రపోలేదు.
లాంతరు పట్టుకోని గుడారం గుడారం తిరిగి
కుట్టు కుట్టూ కింద చెయ్యి పెట్టి చూసినాడు.
కారలేదు.
"ఇది సంఘటనేనా మామా?"
మాకు సంఘటనే.

యాభైఆరులో లారీలొచ్చినాయి.
గుడారం కుట్టను నెల పడ్తాది,
విప్పను ఒక పూట.
కూలి దొరికిందని మోకులు విప్పడానికీ
మా అబ్బే పోయినాడు.
కుట్టినందుకు రావలసిన
నూటా పద్నాలుగు రూపాయల ఆరణాలు
ఏదో ఫైల్లో ఉండిపోయినాయి.
ఆ ఫైలు ఏ లారీ ఎక్కిందో
తిరువెంగడానికీ తెలియలేదు.
ఎక్కబోతా ఎక్కబోతా దిగొచ్చి
పెద్దరాయి అబ్బ చేతిలో పెట్టినాడంట,
ఏమీ చెప్పకుండా.

తొమ్మిదో సంవత్సరం వరదలో
ఇంట్లో కాగితమనేది మిగల్లేదు.
బురద ఎత్తిపోస్తాంటే పారకు తగిలింది రాయి.
మా అంగట్లో బిల్లుబుక్కు మీద ఉండాదే,
నువ్వు చిన్నప్పుడు కాలి మీద పడేసుకోని ఏడ్చినావే,
అదే.

గౌసియా వేళ్లు మడిచి లెక్కపెట్టింది.
"ఆయన, అబ్బ, సుంకన్న, తిరువెంగడం.
నాలుగే అయినాయి."

ఇంతలో ఫోను.
ఎవరో, గొంతులో ఖద్దరు గంజి.
మీటింగంట, రాజధాని గురించే,
రెండువందల కుర్చీలు, ఒక పెద్ద షామియానా.

"ఎన్ని దినాలకు సార్?" అన్నాను
రాయి పక్కకు జరిపి,
బిల్లుబుక్కు తెరిచి.
"ఏమనుకోవద్దు,
మా అంగట్లో డబ్బు ముందే ఇయ్యల్ల."